రీడ్ స్విచ్ ఒకటికి రెండు లెక్కిస్తుంటే: మాగ్నెట్ దిశ, ఇనుప రేకు, బయాస్ సంగతులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అనంతపురం జిల్లాలో మీ పొలం దగ్గర టిప్పింగ్ బకెట్ వాన గేజీ (నీళ్లు నిండగానే ఒరిగే చిన్న బకెట్‌తో వానను కొలిచేది) సొంతంగా తయారు చేసుకున్నారు. గరాటు వ్యాసం 200 మి.మీ. బకెట్ ఒకసారి ఒరిగితే 0.2 మి.మీ. వాన పడినట్టు లెక్క. బకెట్ పక్కగోడకు 10 మి.మీ. నియోడిమియం మాగ్నెట్ బిళ్ల అంటించారు. దానికి ఎదురుగా ఉన్న స్తంభానికి 14 మి.మీ. రీడ్ స్విచ్‌ని (మాగ్నెట్ దగ్గరికొస్తే మూసుకునే గాజు గొట్టపు స్విచ్) అడ్డంగా బిగించారు. ఒక్క ఒరుగుకు లెక్కపెట్టే ఎలక్ట్రానిక్ బోర్డు రెండు లెక్కిస్తోంది, అప్పుడప్పుడు మూడు. కోడ్‌లో 20 మిల్లీసెకన్ల డీబౌన్స్ (ఒక లెక్క తర్వాత కాంటాక్టు అదురును పట్టించుకోకుండా కాసేపు ఆగడం) పెట్టినా మారలేదు. మాగ్నెట్ బలం ఎక్కువైందని ఒకరు అల్యూమినియం రేకు చుట్టమన్నారు, తేడా రాలేదు. ఇంకొకరు ఇనుప రేకు అడ్డం పెట్టమన్నారు. పెడితే లెక్కే ఆగిపోయింది, పైగా బకెట్ ఒక పక్కకే ఒరిగి ఉండిపోతోంది. ఎంత మందం రేకు, ఎక్కడ పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

రేకు అసలు పెట్టొద్దు. స్విచ్‌ని తిప్పి నిలువుగా బిగించండి. మాగ్నెట్ దాని గాజు మధ్యకు కాకుండా ఒక చివరకు ఎదురుగా పోయేట్టు కాస్త పైకో కిందికో జరపండి. రెండు లెక్కలు ఒకటవుతాయి. మూడో లెక్కకు కారణం వేరే ఉంది, అది తర్వాత చెబుతాను.

ఎందుకో తెలియకుండా తిప్పితే రేపు ఇంకో చోట ఇదే తంటా వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ముప్పై ఏళ్ల పైచిలుకు ఫ్యాక్టరీల్లో ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్ చేశాను. రీడ్ స్విచ్ పనిచేయట్లేదని పిలిచినప్పుడల్లా మొదట వినపడే మాట "మాగ్నెట్ వీక్ అయిందండీ" అనో, "మాగ్నెట్ ఎక్కువైందండీ" అనో. చాలాసార్లు మాగ్నెట్ శుభ్రంగానే ఉండేది. అది చూస్తున్న వైపే తప్పు.

స్విచ్ లోపల ఉన్నది రెండు సన్నటి నికెల్-ఇనుము బ్లేడ్లు. వాటి చివరలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కి ఉంటాయి, మధ్యలో వెంట్రుకంత సందు. తాకే చోట రోడియమో రుథీనియమో పూత. తుప్పు పట్టకుండా గాజు గొట్టంలో నైట్రోజన్ లాంటి వాయువు పెట్టి మూసేస్తారు. 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్వుడ్ కనిపెట్టిన ఈ వస్తువు టెలిఫోన్ ఎక్స్‌చేంజీల్లో దశాబ్దాల పాటు పనిచేసింది. ఇప్పటికీ రూపం పెద్దగా మారలేదు. అయస్కాంత క్షేత్రం బ్లేడ్ల పొడవునా పారితే ఒక బ్లేడు కొస ఉత్తర ధ్రువం, దానికి ఎదురు కొస దక్షిణ ధ్రువం అవుతాయి. రెండూ ఆకర్షించుకుని అతుక్కుంటాయి. ఇక్కడ అసలు కీలకం "పొడవునా" అన్న మాట. గాజుకు అడ్డంగా ఎంత బలమైన క్షేత్రం దూసుకుపోయినా బ్లేడ్లకు పట్టదు. ధ్రువం ఉత్తరమా దక్షిణమా అన్నది కూడా స్విచ్‌కు అనవసరం. ఎటు నుంచి ఎటు పారినా అతుక్కుంటుంది.

ఇప్పుడు మీ బిళ్ల సంగతి చూద్దాం. బజార్లో దొరికే నియోడిమియం బిళ్లల్లో దాదాపు అన్నిటికీ ధ్రువాలు రెండు చదును ముఖాల మీద ఉంటాయి. మీరు దాన్ని బకెట్ పక్కకు చదునుగా అంటించారు కాబట్టి ఒక ధ్రువం నేరుగా స్విచ్ వైపు చూస్తోంది. స్విచ్ అడ్డంగా ఉంది, అంటే బిళ్ల కదిలే దారి వెంబడే ఉంది. బిళ్ల స్విచ్ ఒక కొస దగ్గరికి వస్తున్నప్పుడు క్షేత్రం గాజు పొడవునా ఒక దిశలో పారుతుంది, స్విచ్ మూసుకుంటుంది. బిళ్ల సరిగ్గా మధ్యకు వచ్చేసరికి ఎడమకు పారేదీ కుడికి పారేదీ సమానమై, పొడవునా మిగిలేది సున్నా. స్విచ్ తెరుచుకుంటుంది. మధ్య దాటాక క్షేత్రం ఎదురు దిశలో పారుతుంది, మళ్లీ మూసుకుంటుంది. ఒక్క ఒరుగు, రెండు పల్సులు. బోర్డు ఉన్నది ఉన్నట్టే లెక్కిస్తోంది, దాన్ని తిట్టి లాభం లేదు.

డీబౌన్స్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది. రీడ్ స్విచ్ కాంటాక్టు అదిరేది మామూలుగా ఒక మిల్లీసెకను లోపే. దానికి మీ 20 మిల్లీసెకన్లు ధారాళంగా సరిపోతాయి. కానీ బకెట్ ఒరగడానికే సెకనులో మూడో వంతో సగమో పడుతుంది. మీ రెండు పల్సుల మధ్య ఎడం అందులో భాగం, 20 మిల్లీసెకన్లను దాటిపోతుంది.

ఇది నమ్మకం కుదరాలంటే పది నిమిషాల పని. ఒక గ్రాఫ్ కాగితం మీద స్విచ్‌ని టేపుతో అంటించి, మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టండి. బిళ్లను అగ్గిపెట్టె పక్కకు అంటించి పట్టుకుంటే చేయి వణకదు, దూరం మారదు. ముందు ధ్రువం స్విచ్ వైపు చూసేలా పెట్టి, గాజు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు జరపండి. బీప్, మౌనం, బీప్. మధ్యలో మౌనం వచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి, అది గాజు నడిమధ్యలో పడుతుంది. తర్వాత బిళ్లను తిప్పి, ధ్రువాలు గాజుకు సమాంతరంగా ఉండేట్టు పట్టుకుని అదే దారిలో జరపండి. ఈసారి మధ్యలో ఒక పొడుగాటి బీప్. దూరం బాగా తగ్గించి చూస్తే ఆ పెద్ద బీప్‌కు అటూ ఇటూ ఇంకో రెండు పొట్టి బీపులు వినిపిస్తాయి. వీటినే పక్క లోబులంటారు. మాగ్నెట్‌ను ఒక బిందువుగా తీసుకుని లెక్క కడితే పక్క లోబు శిఖరం మధ్యదానిలో సుమారు ఐదో వంతు. అంటే మధ్యలో అవసరానికి ఐదు రెట్లు మించి బలం ఉంటేనే పక్క లోబులు స్విచ్‌ని మూస్తాయి.

మాగ్నెట్‌కు కాస్త దూరంగా వెళ్లాక క్షేత్రం దూరానికి ఘనంలో పడిపోతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. కాబట్టి ఐదు రెట్ల తేడాకు దూరం 1.7 రెట్లు చాలు. ఉదాహరణకు మీ మాగ్నెట్ 20 మి.మీ. దూరం నుంచి స్విచ్‌ని మూయగలిగితే, దాన్ని 12 మి.మీ. కంటే దగ్గరగా జరిపినప్పుడు పక్క లోబుల గొడవ మొదలవుతుంది. నిజం స్విచ్ బిందువు కాదు, 14 మి.మీ. గాజు. అందుకని ఈ లెక్కను దారి చూపడానికే వాడుకోండి, కచ్చితం కావాలంటే గ్రాఫ్ కాగితమే.

మూడో ప్రయోగం మీకు పనికొచ్చేది. స్విచ్‌ని నిలువుగా అంటించి, ధ్రువం స్విచ్ వైపు చూస్తున్న బిళ్లను అడ్డంగా, గాజు నడిమధ్య మీదుగా దాటించండి. బీప్ రాదు! దారి పొడవునా సమతూకమే కదా. ఇప్పుడు అదే బిళ్లను గాజు పై చివర ఎత్తులో అడ్డంగా దాటించండి. ఒక్కటే బీప్, మొదలూ చివరా శుభ్రంగా. మీ గేజీకి కావలసింది ఇదే. బకెట్ ఒరిగేటప్పుడు బిళ్ల చాపంలో తిరిగినా దాని ముఖం స్తంభం వైపే ఉంటుంది కాబట్టి దిశ చెడదు. బిళ్లను ఊడదీసి మళ్లీ అంటించే పని కూడా లేదు. కొత్తగా కట్టేవాళ్లయితే ఇంకో పద్ధతి ఉంది. సన్నటి కడ్డీ మాగ్నెట్‌ను నిలువుగా, స్విచ్‌ని నిలువుగా, రెండూ సమాంతరంగా పెడితే గాజు మధ్య మీదుగా దాటినా ఒకటే పల్సు. నా ఓటు దీనికే, ఎందుకంటే ఎత్తు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఫరక్ పడదు.

"ఇంత శ్రమెందుకు, డీబౌన్స్‌నే 300 మిల్లీసెకన్లు చేస్తే పోలా?" అని కొందరు అంటారు. నిజమే, వానకు ఆ తీరిక ఉంది. గంటకు 120 మి.మీ. కుండపోతలో కూడా 0.2 మి.మీ. బకెట్ ఒరిగేది ఆరు సెకన్లకోసారి. 300 పెట్టడంలో తప్పు లేదు, నేనూ పెడతాను. కానీ దిశ సరిచేశాక పెట్టండి. లేకపోతే చినుకుల్లో బకెట్ సగంలో తటపటాయించి మెల్లగా ఒరిగిన రోజున రెండు పల్సుల మధ్య ఎడం 300 దాటిపోతుంది, లెక్క మళ్లీ తప్పుతుంది. అది ఏ రోజు జరిగిందో మీకు తెలియను కూడా తెలియదు.

ఇక రేకుల సంగతి. మన వాళ్లలో చాలామంది రేకును గోడలా ఊహించుకుంటారు. ఇనుప రేకు అయస్కాంత క్షేత్రానికి గోడ కాదు, పిల్లకాలువ. పొలానికి పారే నీళ్లకు పక్కన లోతుగా కాలువ తవ్వితే నీళ్లు మడిలోకి రాకుండా అటు మళ్లుతాయి కదా, అలాగే గాలిలో పోవడం కన్నా ఇనుములో పోవడం క్షేత్రానికి వందల రెట్లు సులువు కాబట్టి అది రేకులోకి మళ్లి, ఆ దారిన మాగ్నెట్ రెండో ధ్రువానికి చేరుకుంటుంది. స్విచ్‌కు ఏమీ మిగలదు. మీ లెక్క ఆగిపోయింది అందుకే.

అల్యూమినియంలో ఆ కాలువ లేదు. కదలని అయస్కాంత క్షేత్రానికి అల్యూమినియం, రాగి, ఇత్తడి, ప్లాస్టిక్, చెక్క అన్నీ గాలితో సమానం. న్యూమాటిక్ (గాలి ఒత్తిడితో నడిచే) సిలిండర్ల బ్యారెల్‌ను అల్యూమినియంతో చేసి, లోపల పిస్టన్‌కు మాగ్నెట్ రింగు పెట్టి, బయట రీడ్ సెన్సర్ బిగించేది ఈ ధైర్యంతోనే. స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర మాత్రం జాగ్రత్త. 304 రకం దాదాపు అయస్కాంతానికి అంటదు, 430 రకం బాగా అంటుతుంది. వంటింట్లో ఫ్రిజ్ మాగ్నెట్ తీసుకుని గిన్నెలకు పెట్టి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. ఇండక్షన్ పొయ్యి మీదకు పనికొచ్చే గిన్నె అడుగు లాగుతుంది, మామూలు స్టీలు గ్లాసు పట్టించుకోదు. 304ను కూడా వంచిన అంచుల దగ్గర, సాగదీసిన మూలల దగ్గర కాస్త లాగడం చూస్తారు. స్క్రూలదీ అంతే. స్టీలు స్క్రూ అని రాసి ఉందని నమ్మకుండా మాగ్నెట్ పెట్టి చూసి వాడండి.

ఇనుము దగ్గరుంటే ఏమవుతుందో నేను నేర్చుకున్నది ఒక రాత్రి షిఫ్టులో. ప్యాకింగ్ లైనులో ఒక సిలిండర్ వెనక్కి వచ్చినట్టు సెన్సర్ చెప్పడం మానేసింది. సెన్సర్ మార్చాం, కేబుల్ మార్చాం, చివరికి పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంట్రోలర్) ఇన్‌పుట్ కార్డు కూడా మార్చాం. తెల్లవారుజామున టీ తాగుతూ పక్క మెషీన్‌ను చూస్తే అక్కడి సిలిండర్‌కు అల్యూమినియం క్లాంపు ఉంది. మాదానికి పగటి షిఫ్టులో క్లాంపు విరిగితే ఎవరో వర్క్‌షాపులో మైల్డ్ స్టీలు పట్టీతో చేసి బిగించారు. పట్టీ సరిగ్గా సెన్సర్ కింద నుంచి పోతోంది. పిస్టన్ మాగ్నెట్ క్షేత్రమంతా పట్టీ మింగేస్తోంది. పట్టీ తీసి ప్లాస్టిక్ టై వేస్తే లైను నడిచింది. అప్పటి నుంచి ఏ రీడ్ సెన్సర్ పనిచేయకపోయినా ముందు చుట్టూ ఇనుము వెతుకుతాను, తర్వాతే మీటరు తీస్తాను. ఇనుప తలుపుకు అలారం స్విచ్ బిగించేటప్పుడు కూడా ఇదే. చెక్క బల్ల మీద రెండు సెంటీమీటర్ల దూరం నుంచి పలికిన స్విచ్, ఇనుప ఫ్రేముకు బిగిస్తే అందులో సగం దూరానికి కూడా పలకకపోవచ్చు. స్విచ్ కింద, మాగ్నెట్ కింద చెక్కో ప్లాస్టిక్ దిమ్మో పెట్టి ఇనుముకు ఎడంగా లేపితే మళ్లీ దారికొస్తుంది.

మీ గేజీలో రేకు వద్దనడానికి రెండో కారణం ఇంకా ముఖ్యం. 200 మి.మీ. గరాటులో 0.2 మి.మీ. వాన అంటే 6.28 మి.లీ. నీళ్లు, బరువు ఆరు గ్రాముల పైన ఇంకొంచెం. ఆ ఆరు గ్రాముల తూకం మీదే మీ గేజీ బతుకుతోంది. మీ మాగ్నెట్ కదిలే బకెట్ మీద ఉంది, రేకు కదలని స్తంభం మీద ఉంది. రెంటి మధ్య ఆకర్షణ ఒక గ్రామంత ఉన్నా బకెట్ ఒరగాల్సినప్పుడు ఒరగదు. మీ బకెట్ ఒక పక్కకే పడి ఉండటం ఇందుకే. నిజానికి స్విచ్ బ్లేడ్లు కూడా ఇనుమే, అవి కూడా కొద్దిగా లాగుతాయి. అందుకే గేజీలో మాగ్నెట్ ఎంత చిన్నదైతే అంత మంచిది. 10 మి.మీ. బిళ్ల ఇక్కడ దండగ. 4 లేదా 5 మి.మీ. బిళ్ల తీసుకోండి. బలం తగ్గించడానికి రేకు వెతికే బదులు చిన్న మాగ్నెట్ కొనడం చవక, లేదా దూరం పెంచడం ఉచితం.

అయితే రేకు పనికిరానిదని కాదు. సరైన చోట అది గొప్పగా పనిచేస్తుంది. ఫోర్కు ఆకారపు వేన్ సెన్సర్ చూసి ఉంటారు. ఒక కొమ్ములో మాగ్నెట్, ఇంకో కొమ్ములో రీడ్, మధ్యలో ఖాళీ గాడి. రెండూ కదలవు, స్విచ్ ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. కదిలే భాగానికి ఒక ఇనుప రేకు ముక్క ఉంటుంది. అది గాడిలోకి వస్తే క్షేత్రం మళ్లిపోయి స్విచ్ తెరుచుకుంటుంది. కదిలే దాని మీద మాగ్నెట్ లేదు, వైరు లేదు. రేకును పళ్ల చక్రంలా కత్తిరిస్తే చుట్టుకు ఎన్ని పల్సులు కావాలంటే అన్ని. దీని శత్రువు ఇనుప రజను. గ్రైండింగ్ జరిగే చోట మాగ్నెట్ కొమ్ము మీద రజను గడ్డంలా పెరిగి, నెమ్మదిగా గాడికి అడ్డంగా చేరుతుంది. రేకు రాకుండానే స్విచ్ తెరుచుకుంటుంది. నెలకోసారి ప్యాకింగ్ టేపు ముక్క అతికించి లాగితే రజను మొత్తం వచ్చేస్తుంది, గుడ్డతో తుడిస్తే సగమే వస్తుంది.

రేకు దేనితో చేయాలి అన్నది మంచి ప్రశ్న. బిస్కెట్ డబ్బా రేకు తగరం పూసిన స్టీలే, ప్రయోగాలకు బాగుంటుంది, కత్తెరతో తెగుతుంది. కానీ పావు మిల్లీమీటరు మందమే కాబట్టి బలమైన నియోడిమియం ఎదురుగా పెడితే నిండిపోతుంది. పిల్లకాలువ నిండితే మిగతా నీళ్లు గట్టు దాటి మడిలోకే వస్తాయి. అప్పుడు రెండు మూడు పొరలు వేయాలి. నాకు నచ్చింది పాత ట్యూబులైటు చోకు. విప్పితే లోపల సిలికాన్ స్టీలు పట్టీలు దొంతరగా వస్తాయి. మెత్తటి అయస్కాంత పదార్థం, మాగ్నెట్ తీసేయగానే తనలో ఏమీ ఉంచుకోదు. హ్యాక్సా బ్లేడు ముక్కను మాత్రం రేకుగా వాడకండి. గట్టి స్టీలు తానే మాగ్నెట్‌గా మారి కూర్చుంటుంది, ఆ తర్వాత మీ స్విచ్ ఎందుకు మూసుకుపోయి ఉందో అర్థం కాక జుట్టు పీక్కుంటారు. మ్యూమెటల్ (అయస్కాంత కవచాలకు వాడే నికెల్-ఇనుము మిశ్రమం) గురించి నెట్‌లో చదివి కొనాలనుకుంటున్నారేమో. బలహీన క్షేత్రాలకు అది రాజు. కానీ మామూలు ఇనుము 2 టెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్) దాకా తట్టుకునే చోట మ్యూమెటల్ 0.8 దగ్గరే నిండిపోతుంది. వంచినా, సుత్తితో కొట్టినా గుణం పోతుంది, మళ్లీ కాల్చి చల్లార్చాలి. నియోడిమియం పక్కన దాన్ని పెట్టడం డబ్బు పారేసుకోవడమే.

పక్కపక్కనే రెండు స్విచ్‌లు ఉండి, ఒక మాగ్నెట్ ఒకదాన్నే కదపాలన్నప్పుడు కూడా రేకు బాగా పనికొస్తుంది. రెంటి మధ్య నిలువుగా ఒక పట్టీ పెడితే చాలు. కాకపోతే పట్టీని స్విచ్‌కు మరీ ఆనించి పెట్టకండి, కావలసిన క్షేత్రాన్ని కూడా అదే తాగేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, మీటరు బీప్ వింటూ జరుపుకోండి. బోర్డు మీద రీడ్ రిలేలు (మాగ్నెట్ బదులు కాయిల్‌తో నడిచే రీడ్ స్విచ్‌లు) వరసగా బిగించినప్పుడు కూడా ఒకదాని కాయిల్ క్షేత్రం పక్కదాన్ని ఇబ్బంది పెడుతుంది. చాలా రీడ్ రిలేలకు లోపలే అయస్కాంత కవచం పెట్టేది అందుకే.

బయాస్ మాగ్నెట్, అంటే స్విచ్ పక్కనే శాశ్వతంగా ఉంచే చిన్న మాగ్నెట్ గురించి మీరు అడగలేదు, కానీ అడగబోతారని నా అంచనా. ప్రతి స్విచ్‌కు రెండు హద్దులుంటాయి. మూసుకోవడానికి ఎంత కావాలి, తిరిగి విడిపోవడానికి ఎంతకు తగ్గాలి అని. వీటిని ఆంపియర్ టర్న్స్‌లో (కాయిల్ చుట్లను అందులో పారే కరెంటుతో గుణిస్తే వచ్చే అంకె) చెబుతారు. 20 దగ్గర మూసుకునే స్విచ్ ఏ 10 దగ్గరో విడిపోతుంది అనుకుందాం. స్విచ్ పక్కన చిన్న మాగ్నెట్‌ను శాశ్వతంగా అంటించి 15 దగ్గర నిలబెట్టారనుకోండి. ఆ 15కు స్విచ్ తనంతట తాను మూసుకోదు. అదే దిశలో ఇంకో మాగ్నెట్ వచ్చి పోతే మూసుకుంటుంది, వెళ్లిపోయినా 15 మిగిలి ఉంటుంది కాబట్టి మూసుకునే ఉంటుంది. ఎదురు దిశ మాగ్నెట్ వచ్చి పోతే తెరుచుకుంటుంది, అలాగే ఉంటుంది. కరెంటు లేకుండా గుర్తుపెట్టుకునే స్విచ్ ఇది. బయాస్‌ను 20 దాటించి పెడితే ఎప్పుడూ మూసుకుని ఉండే స్విచ్ వస్తుంది, ఎదురు దిశ మాగ్నెట్ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. ఆ వచ్చే మాగ్నెట్ మరీ బలమైనదైతే క్షేత్రం సున్నా దాటి అవతలి వైపు పెరిగి మళ్లీ మూసుకుంటుంది, అక్కడ మీ పాత రెండు లెక్కల బాధ ఇంకో రూపంలో వస్తుంది. ఎండలు కూడా లెక్కలోకి తీసుకోండి. ఫెర్రైట్ మాగ్నెట్ డిగ్రీకి 0.2 శాతం బలం తగ్గుతుంది. 25 నుంచి 60 డిగ్రీలకు పోతే 7 శాతం. మీ 15 కాస్తా 14 అవుతుంది. చల్లబడ్డాక తిరిగి వస్తుంది. నియోడిమియం తగ్గుదల డిగ్రీకి 0.12 శాతమే, కానీ మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే పోయిన బలం తిరిగి రాదు. డబ్బాకు తెల్ల రంగు వేయండి.

స్విచ్‌ని నిలువుగా బిగించేటప్పుడు కాళ్లు వంచాల్సి వస్తుంది. గాజుకు, వంపుకు మధ్య సన్న ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని అవతల వంచండి. గాజు నుంచి కనీసం మూడు మిల్లీమీటర్లు వదలండి. గాజుకు కంటికి కనపడని పగులు వచ్చినా లోపలి వాయువు పోతుంది, రెండు వానాకాలాలు గడిచాక కాంటాక్టు చెడుతుంది. కాళ్లను పొట్టిగా కత్తిరించే ముందు కూడా ఆలోచించండి. ఆ కాళ్లు కూడా అయస్కాంత దారిలో భాగమే. కత్తిరిస్తే స్విచ్ మొద్దుబారుతుంది, బల్ల మీద 20 మి.మీ. నుంచి పలికింది బోర్డు మీద పలకదు. కత్తిరించాక, బిగించాకే దూరం కొలవండి.

మీ కేబుల్ పొడవు 60 మీటర్లని రాశారు. అంత వైరు చిన్న కెపాసిటర్‌తో సమానం. స్విచ్ మూసుకున్న ప్రతిసారీ ఆ చార్జంతా ఒక్కసారిగా కాంటాక్టు మీదుగా పోయి రోజులు గడిచేకొద్దీ పూతను తినేస్తుంది. స్విచ్ పక్కనే 220 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో వేయండి. బోరు మోటారు వైరుతో కలిపి ఈ కేబుల్‌ను ఒకే పైపులో లాగకండి, మోటారు వేసినప్పుడల్లా వాన పడుతుంది! ఇంకో మాట, ఈ స్విచ్‌తో నేరుగా మోటారు స్టార్టర్ కాయిల్ నడపాలన్న ఆలోచన వద్దు. చిన్న రీడ్ స్విచ్‌ల సామర్థ్యం మామూలుగా 10 వాట్లు, అర ఆంపియరు. కాయిల్ ఆగినప్పుడు తన్నే వోల్టేజీకి కాంటాక్టులు వెల్డ్ అయిపోతాయి. మాగ్నెట్ తీసినా స్విచ్ తెరుచుకోకపోతే, వేలితో తట్టితే తెరుచుకుంటే, అది వెల్డింగే. మాగ్నెట్ మార్చి ప్రయోజనం లేదు, స్విచ్ మార్చాలి.

ఇప్పుడు ఆ మూడో లెక్క. బకెట్ ఆగే మర (స్క్రూ) మీద పడి టప్పున ఎగిరి, కొంచెం వెనక్కి వచ్చి మళ్లీ కూర్చుంటుంది. ఆ ఎగిరిన క్షణంలో మాగ్నెట్ స్విచ్ పరిధి అంచును మళ్లీ తాకుతోంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే స్పష్టంగా కనపడుతుంది. మర తల మీద సైకిల్ ట్యూబు ముక్క అంటించండి. చిన్న బిళ్ల పెట్టి దూరం పెంచితే స్విచ్ మూసుకునే మేర సన్నబడుతుంది, ఎగురు అక్కడిదాకా రాదు. బకెట్ రెండు వైపులా కూర్చున్నప్పుడు స్విచ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో మీటరుతో చూసుకోండి. మూసుకుని ఉండిపోతే లెక్కా రాదు, బ్యాటరీ కూడా కారిపోతుంది.

ఇవన్నీ మార్చాక తూకం మారి ఉంటుంది కాబట్టి మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. 628 మి.లీ. నీళ్లు కొలిచి, పాత సెలైన్ సెట్టు పెట్టి గరాటులోకి ఒక గంట పాటు సన్నగా దించండి. వంద రావాలి. 104 వస్తే బకెట్ తక్కువ నీళ్లకే ఒరుగుతోందని అర్థం, రెండు వైపుల మరలూ కిందికి దించండి. 96 వస్తే పైకి. రెండు వైపులా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ 628 పోయండి.